వాయులీన విదుషి అవసరాల కన్యాకుమారి

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన యీ శుభసమయమున రజతోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. ఏమి వ్రాయుదునా యని యోచించుచు ఒకనాటి సాయంకాలము మన బీరువాలను పరిశీలించితిని. సంగీతపుటరలో త్యాగరాజస్వామి చరిత్ర కలదు. వాగ్గేయకారుల జీవితములు కలవు. హరికథా పితామహుడైన నారాయణదాసుగారిని గూర్చిన పుస్తకమును కలదు. స్త్రీల పేర్లు మాత్రము మిక్కిలి స్వల్పము. ఉన్న కొలదిపేర్లును గాయనీమణులవే. ఒక తంత్రీవాద్యమును చేతబట్టి జీవితమంతయు దానికే ధారపోసిన తెలుగు స్త్రీని గూర్చి మన పాఠకునికి చదువుకొనుటకు ఒక్క పుటయైనను దొరకలేదు. ఆ లోటు కొంత తీరునను ఆశతో ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

దీనికి స్వంత కారణము కూడ ఒకటి కలదు. మా అక్కయ్య చిన్నతనమున సికిందరాబాదులో ఒక ఉపాధ్యాయునివద్ద నాలుగేండ్లు పిడేలు నేర్చుకొనెను. మన కొంపల్లి చుట్టుపట్ల ద్రాక్షతోటలు నిండియున్న దినములవి. మేడ్చలు రోడ్డుమీద బస్సు దిగి, పెట్టె చంకన బెట్టుకొని ఆమె ఇల్లు చేరునప్పటికి చీకటిపడుచుండెడిది. వివాహమైన పిదప ఆ పెట్టె తిరిగి తెరువబడలేదు. ఎవరును వలదనలేదు, వాయింపుమనినవారును లేరు. ఆ పిడేలు ఈనాటికిని మా యింటి అటుకమీద నున్నది. ఇట్టి పెట్టెలు మన యిండ్లలో ఎన్ని కలవో యని తలచినప్పుడు, అటుకెక్కని ఒక్క పిడేలు కథ మన బాలికలకు తెలియుట అవసరమని నాకు తోచినది.

పిడేలు మనదైన విధము

పిడేలు మన దేశమున పుట్టిన వాద్యము కాదు. ఐరోపావారు తెచ్చినది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడైన బాలుస్వామి దీక్షితులు (1786-1858) మద్రాసు నగరమున పాశ్చాత్య వాద్యమేళము విని, మణలి ముదలియారుగారి ఆదరణమున ఆ వాద్యమును అభ్యసించి, దానిపై మన రాగములను పలికించెను. తంజావూరు సోదరులలో నొకడైన వడివేలు తిరువాన్కూరు ఆస్థానమున దానిని వాయించి, స్వాతి తిరునాళ్ మహారాజుచేత 1834లో దంతపు పిడేలును బహుమానముగా పొందెను. అంతకుపూర్వము గాయకునికి తోడుగా వీణయో వేణువో ఉండెడిది. నూరేండ్లు తిరుగకమునుపే ఆ స్థానమును పిడేలు ఆక్రమించినది.

ఇట్లగుటకు హేతువు తెలిసికొనదగినది. వీణకు ఇరువదినాలుగు మెట్లుండును. వ్రేలు ఎచ్చట నుంచవలయునో మెట్టే చెప్పును. పిడేలుకు మెట్లు లేవు. నున్నని చెక్కపై నాలుగు తంత్రులు మాత్రము కలవు. వ్రేలు వెండ్రుకవాసి తప్పినను అపస్వరము పలుకును. అయితే ఆ మెట్లు లేకుండుటచేతనే గాయకుని గొంతులోని జారును, గమకమును, ఊగిసలాటయు ఉన్నవున్నట్లుగా దానిపై పలుకును. వీణానాదము మీటినవెంటనే క్రమముగా సన్నగిల్లును; కమాను సాగినంతవరకు పిడేలు నాదము నిలిచియుండును. ఈ రెండు గుణములచేత అది మనుష్యకంఠమునకు మిక్కిలి సన్నిహితమైనది. పాశ్చాత్యులు నిలువబడి గడ్డముక్రింద పట్టి వాయింతురు. మనవారు నేలపై కూర్చుండి, ఒక కొనను రొమ్మున కాన్చి రెండవకొనను కుడిపాదముపై నుంచుదురు. తంత్రుల శ్రుతినిగూడ మార్చి షడ్జ పంచమములకు కూర్చుకొనిరి. ఇట్లు పరదేశపు చెక్కపెట్టె మన యింటి బిడ్డయైనది. దానికి మనవారు పెట్టిన వాయులీనమను పేరు ఎంత సొగసైనదో చూడుడు!

తంత్రులు, స్త్రీలు, వేదిక

స్త్రీలు తంత్రులను మీటుట మనకు క్రొత్త గాదు. పదునేడవ శతాబ్దిలో తంజావూరు నేలిన రఘునాథనాయకుని కొలువున స్త్రీలు కవిత్వమునందును సంగీతమునందును ప్రసిద్ధికెక్కిరి. మద్రాసు జార్జిటౌనులో వీణ ధనమ్మాళ్ (1867-1938) శుక్రవారపు సాయంకాలములందు తమ యింట వాయించుచుండగా మహావిద్వాంసులే వచ్చి నిశ్శబ్దముగా వినెడివారు. ఆమె వీణపై పలికినవానిలో మన క్షేత్రయ్యగారి తెలుగు పదములకు ప్రత్యేక స్థానముండెను. తెలుగు దేశమున వీణ గృహిణులకును ప్రీతిపాత్రమైనది. బొబ్బిలి సమీపమున గొల్లపల్లిలో పనసకొయ్యతో వీణలు చేయు కుటుంబములు తరతరములుగా కలవు.

కాని ఇంట వాయించుట వేరు, సభలో వాయించుట వేరు. సభలలో పాడి ఆడు స్త్రీలు పూర్వము కళావంతుల కుటుంబములవారే. వారి విద్యను సమాజము మెచ్చుకొనుచునే వారిని చిన్నచూపు చూచెను. ఆ భయముచేత ఇతర కుటుంబములవారు తమ ఆడబిడ్డలను వేదికకు దూరముగా నుంచిరి. తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధివద్ద జరుగు ఆరాధనోత్సవమున సయితము స్త్రీలు పాడుటకు వీలులేకుండెను. బెంగుళూరు నాగరత్నమ్మగారు (1878-1952) తమ ఆస్తిని వెచ్చించి ఆ సమాధిమందిరమును కట్టించిరి. మందిరము కట్టించిన చేతులకే ఆ సన్నిధిని పాడు హక్కు లేకపోయినది. ఆమె వెనుదీయక స్త్రీలకు వేరుగా ఒక బృందమును ఏర్పరచి పాడించిరి. చివరకు 1940 ప్రాంతమున బృందములన్నియు ఏకమై స్త్రీ పురుషులు కలిసి ఆరాధన చేయుట ఆచారమైనది.

పాడు స్త్రీకి త్రోవ ఇట్లు క్రమముగా ఏర్పడినను, వాయించు స్త్రీకి అది మరింత ఇరుకుగానే యుండెను. మృదంగ విద్వాంసులలో అగ్రగణ్యుడైన పాల్ఘాట్ మణి అయ్యరుగారు చాలకాలము స్త్రీల కచేరీలకు వాయింపలేదు, తరువాతనే డి.కె. పట్టమ్మాళ్ గారికి వాయించిరి. పురుషుడు పాడునప్పుడు ప్రక్కన స్త్రీ పిడేలు పట్టుట అనేకులకు రుచింపకుండెను. స్త్రీ వాయించిన ప్రతివరుస బాగుగానున్నచో ప్రధాన గాయకునికి చిన్నతనమనియు, బాగుగా లేనిచో కచేరీ చెడినదనియు భావించువారు కలరు. ఇది మన దేశపు దోషము మాత్రమే కాదు. 1842లో స్థాపితమైన ప్రసిద్ధ వియన్నా ఫిల్హార్మోనిక్ వాద్యబృందము స్త్రీని పూర్తి సభ్యురాలిగా చేర్చుకొన్నది 1997లో! అనగా నూట యేబదియైదు సంవత్సరములు పట్టినది.

విజయనగరపు విద్య

ఇక మన కథానాయిక జన్మస్థానమునకు పోవుదము. పేరు కన్యాకుమారియైనను ఆమె దక్షిణపుకొనకు చెందినవారు కారు, ఉత్తరాంధ్రమునందలి విజయనగరమువారు. తండ్రి అవసరాల రామరత్నముగారు, తల్లి జయలక్ష్మిగారు. కూతురిచేత సంగీతము నేర్పించవలెనను పట్టుదల తలిదండ్రులకుండుట ఆమె భాగ్యము. అంతకుమించిన భాగ్యము ఆ ఊరు.

విజయనగరమున సంగీత కళాశాల 1919లో స్థాపింపబడినది. దాని పుట్టుకను గూర్చి ఆ ఊరివారు చెప్పుకొను వృత్తాంతము మనోహరమైనది. సంస్థానోద్యోగి యొకనికి చూపులేని కుమారుడు కలడట. ఆ బాలునికి సంగీతము నేర్పింపవలెనని రాజావారు సంకల్పించి, ఒక్కనికొరకేల, ఊరివారందరికి ఉపకరించునట్లు ఒక పాఠశాలనే నెలకొల్పుదమని నిశ్చయించిరట. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులైరి. ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893-1964) విద్యార్థిగా చేరవచ్చి, వారి వాదనము విన్నవెంటనే ఆచార్యులుగా నియమింపబడిరని ప్రసిద్ధి. నాయుడుగారికి బాల్యమునుండియు చూపు మందము. ఆ కారణముననే బడిచదువు సాగలేదు. బడి పోగొట్టుకొన్నది పిడేలుకు దక్కినది. 1936లో వారు ఆ కళాశాలకు అధ్యక్షులైరి. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సభకు అధ్యక్షత వహించి సంగీత కళానిధులైరి. 1957లో పద్మశ్రీ పొందిరి. ప్రక్కవాద్యముగా నున్న పిడేలును ఒంటరిగా వేదికపై నిలిపి రెండుమూడు గంటలు వినిపించవచ్చునని ఋజువు చేసినవారిలో వారు ప్రథములు. వారి వాదనము విని యెహుదీ మెనుహిన్ వంటి ప్రపంచప్రసిద్ధ వాయులీన విద్వాంసుడు ముగ్ధుడైనాడు.

ఆ గాలి పీల్చుచు పెరిగిన బాలిక కన్యాకుమారి. ఆమెకు తొలిగురువు ఇవటూరి విజయేశ్వరరావుగారు. ద్వారంవారి బాణీలో ఆరితేరిన ఆ విద్వాంసుడు అంధుడు. పిమ్మట ఆమె మద్రాసు చేరి ఎం. చంద్రశేఖరన్ గారివద్ద శిష్యరికము చేసిరి. 1937లో జన్మించిన చంద్రశేఖరన్ గారును పసితనముననే చూపు కోల్పోయినవారే. వారికి పిడేలు నేర్పినది ఎవరనుకొందురు? స్వయముగా వారి తల్లి చారుబాలమోహన్ గారు. ఒక స్త్రీ తన అంధకుమారునికి కమాను పట్టుట నేర్పినది. ఆ కుమారుడు పెరిగి సంగీత కళానిధియై, మరియొక స్త్రీకి ఆ విద్యను అందించెను. స్త్రీల విద్య అటుకెక్కినచో ఎంత నష్టమో, చేతనుండి చేతికి సాగినచో ఎంత లాభమో దీనివలన తెలియుచున్నది.

చూపులేని గురువువద్ద పిడేలు నేర్చుట సామాన్యము గాదు. శిష్యురాలి వ్రేలు ఎచ్చటనున్నదో గురువు చూడడు. కమాను వంకరగా సాగిన కంటికి కనబడదు. గురువు ముఖమువైపు చూచి సంజ్ఞ గ్రహించుటకును వీలులేదు. ఉన్నదొక్కటే, నాదము. నాదము శుద్ధముగా నున్నచో అంతయు సరిగా నున్నట్లు. కాదేని ఎచ్చటనో తప్పున్నట్లు. ఆ తప్పును శిష్యురాలే వెదకి దిద్దుకొనవలయును. ఇట్టి గురువులిరువురివద్ద నేర్చిన విద్యకు పునాది కన్ను గాదు, చెవి. ముందుముందు ఆమెకు అన్నము పెట్టినది ఆ చెవియే.

ప్రక్కవాద్యమనగా నేమి?

మన పాఠకులలో కచేరీలు విననివారికొరకు ప్రక్కవాద్యకారుని పని యెట్టిదో కొంచెము చెప్పవలసియున్నది. గాయకుడు రాగాలాపన చేయునప్పుడు పిడేలు నీడవలె వెంబడించును. గాయకుడు ఏ సంచారము చేయునో ముందుగా ఎవరికిని తెలియదు. ఆ క్షణమున పుట్టినది ఆ క్షణముననే విని, ఊపిరి తీసికొను విరామమున దానిని నిలిపి, తరువాతి సంచారమునకు దారి విడువవలయును. గాయకుడు ఆపినపిదప అదే రాగమును తన సొంత భావముతో వినిపింపవలయును. తక్కువ వాయించిన పస లేదందురు; ఎక్కువ వాయించిన గర్వమందురు. కృతి నడుమ నెరవులోను, స్వరకల్పనలోను గాయకుడు విసరిన లెక్కకు వెంటనే బదులు చెప్పవలయును. మూడుగంటల కచేరీలో ఒక్క నిమిషమైనను మనసు చెదరరాదు. ఇంతచేసి, మరునాటి పత్రికలో గాయకుని గూర్చి పది పంక్తులు, ఆమెను గూర్చి ఒక్క పంక్తి!

శ్రుతి విషయము కూడ కష్టమైనదే. పురుషులు ఒకటి, రెండు శ్రుతులలో పాడుదురు. స్త్రీలు సాధారణముగా నాలుగు మొదలు ఐదున్నర వరకు పోవుదురు. ఒకనాడు పురుషునికి, మరునాడు స్త్రీకి వాయింపవలసివచ్చినచో తంత్రుల బిగువు మారును, వ్రేళ్ల ఒత్తిడి మారును, నాదపు రంగే మారును. నేటిరాత్రి చెవికి అలవడిన స్థానము రేపటిరాత్రి పనికిరాదు. దీనిని సహించి దినదినము వాయించుట నిజమైన తపస్సు.

వసంతకుమారిగారి సాహచర్యము

ఆమెకు మూడవగురువు ఎం.ఎల్. వసంతకుమారిగారు (1928-1990). జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యముగారి శిష్యురాలై, మెరుపువంటి బిరకాలతో, రాగము తానము పల్లవియందు పురుషులకు దీటుగా నిలిచిన మహాగాయని. పురందరదాసులవారి కీర్తనలను నలుదెసల వ్యాపింపజేసినవారు. 1977లో సంగీత కళానిధి బిరుదము పొందిరి. తరువాతి తరమున సంగీత కళానిధులైన సుధా రఘునాథన్ గారును వారి శిష్యురాలే.

కన్యాకుమారిగారు 1970 దశకపు ఆరంభమునుండి వసంతకుమారిగారు గతించువరకు, అనగా దాదాపు రెండు దశాబ్దములు, వారి ప్రక్కన వాయించిరి. ఇది ఉద్యోగము గాదు, గురుకులవాసము. ప్రతి కచేరీయు ఒక పాఠము. గాయని గొంతు ఎక్కడ వేగమందుకొనునో, ఎక్కడ ఆగి శ్రోతను నిరీక్షింపజేయునో ప్రక్కన కూర్చుండి వేలసారులు విన్న చెవికి, గాత్రమే పిడేలులోనికి ప్రవేశించినట్లయ్యెను. ఇరువురు స్త్రీలు వేదికపై కూర్చుండి క్లిష్టమైన పల్లవులను పరిష్కరించుట చూచినవారికి, లెక్కలు స్త్రీలకు రావనుమాట ఎంత పసలేనిదో తెలిసియుండును.

1990 అక్టోబరు 31వ తేదీన వసంతకుమారిగారు స్వర్గస్థులైరి. రెండుదశాబ్దములు ఒక గొంతును నీడవలె వెంబడించినవారికి ఆ గొంతు ఆగిపోయినప్పుడు ఏమి మిగులును? నీడకు స్వంత రూపమున్నదా? ప్రక్కవాద్యకారుల జీవితములలో ఇది కఠినమైన ప్రశ్న. అనేకులు అచ్చటనే ఆగిపోదురు. కన్యాకుమారిగారు ఆగలేదు.

స్వంత మార్గము

ఆమె ప్రత్యేక వాదనమున నిలిచిరి; ఇతర విద్వాంసులతో జోడియై వాయించిరి. వానిలో కద్రి గోపాలనాథ్ గారితో కూడిన సాహచర్యము మిక్కిలి ప్రసిద్ధము. గోపాలనాథ్ గారు (2019లో గతించిరి) పాశ్చాత్య దేశపు శాక్సోఫోనుపై మన రాగములను పలికించిన సాహసి. అది ఇత్తడితో చేసిన గాలివాద్యము; ఘనమైన ధ్వని. దానిప్రక్కన సున్నితమైన పిడేలు నలిగిపోవునని అనుకొనుట సహజము. అయినను ఆ ధ్వనికి లొంగక, దానిని మించవలెనని అరువక, సమానముగా సంభాషించుట ఆమె చూపిన నేర్పు. విచారింపగా ఇరువురి వాద్యములును పరదేశమునుండి వచ్చి మన భాష నేర్చుకొన్నవే. గుడి మండపములలోను, విదేశములలోను ఆ సంభాషణ వేలమందిని అలరించినది.

ఆమె వాద్యలహరి యను పేరిట పిడేలు, వీణ, నాదస్వరములను ఒక్క వేదికపై చేర్చిరి. ఇది వినుటకు సులభముగా దోచును. చేయుటకు సులభము గాదు. వీణ నాదము మెత్తనిది, గదిలో వినదగినది. నాదస్వరము ఆరుబయట, దేవుని ఊరేగింపున వినదగినది. ఒకదాని శ్రుతి మరియొకదానికి కుదురదు. రెంటినడుమ పిడేలు వంతెనవలె నిలిచి, ఒకరిని తగ్గించక, మరియొకరిని మరుగుపరచక నడిపింపవలయును. నీడగానుండి నేర్చిన వినయము ఇచ్చట నాయకత్వమైనది. పదులకొలది, ఒక్కొక్కప్పుడు నూరుమంది వాయులీన విద్వాంసులను ఒకే వేదికపై కూర్చుండబెట్టి ఏకకంఠముగా పలికించిన ఘనతయు ఆమెకు కలదు. నూరు కమానులు ఒక్కమారు పైకిలేచి ఒక్కమారు దిగవలెనన్న ఎంత సాధన కావలయునో ఊహింపుడు.

శిష్యులకు విద్యనందించుటయందును ఆమె వెనుకాడలేదు. ఎంబార్ కణ్ణన్ వంటి సుప్రసిద్ధ విద్వాంసులు ఆమె శిష్యకోటిలోనివారు. స్త్రీకి వాయించుట రాదనిన లోకమున, పురుషులు ఆమె పాదములవద్ద కూర్చుండి వాయించుట నేర్చిరి.

ఆమెవలెనే త్రోవ చేసికొన్న స్త్రీలు ఉత్తరాదిని కూడ కలరు. 1938లో జన్మించిన ఎన్. రాజమ్ గారు దక్షిణాదివారయ్యును, ఓంకారనాథ ఠాకూరుగారివద్ద నేర్చి, హిందూస్థానీ గాత్రమును పిడేలుపై యథాతథముగా పలికించి, కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చిరకాలము బోధించిరి. శరణ్ రాణిగారు (1929-2008) సరోదు వాద్యమును స్త్రీలెరుగని దినములలో చేపట్టి జయించిరి. అన్నపూర్ణాదేవిగారు (1927-2018) సురబహారునందు అసమానురాలయ్యును కచేరీలు విడిచి ఇంటనే శిష్యులను తీర్చిదిద్దిరి. అటకెక్కిన వాద్యము, మౌనముగానున్న వాద్యము, వేదికనెక్కిన వాద్యము - స్త్రీల తంత్రులకు ఈ మూడు గతులును కలవు.

సంగీత కళానిధి

భారత ప్రభుత్వము 2015లో ఆమెకు పద్మశ్రీ నిచ్చినది. 2016లో మద్రాసు సంగీత అకాడమీ ఆమెను సంగీత కళానిధి బిరుదమునకు ఎన్నుకొన్నది. కర్ణాటక సంగీతమున దీనికి మించిన గౌరవము లేదు. ఆ బిరుదము పొందువారే డిసెంబరు మాసపు సంగీత సదస్సునకు అధ్యక్షత వహింతురు. వాయులీన విదుషీమణులలో ఆ బిరుదము పొందిన మొదటివారు కన్యాకుమారిగారు.

ఇచ్చట కొన్ని సంవత్సరములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. అకాడమీ 1928లో స్థాపింపబడినది. స్త్రీలలో మొట్టమొదట ఈ బిరుదమందినవారు ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు, 1968లో. అనగా నలుబది యేండ్లకు గాయనికి ద్వారము తెరువబడినది. పిడేలు పట్టిన స్త్రీకి తెరచుకొనుటకు మరి నలుబదియెనిమిదేండ్లు పట్టినది. విజయనగరపు పిడేలు ద్వారంవారి చేతులలో ఆ పీఠమెక్కినది 1941లో. అదే ఊరిబిడ్డ చేతులలో మరల ఎక్కినది సరిగా డెబ్బదియైదేండ్లకు. ఆ నడిమికాలమున ప్రతిభగల స్త్రీలు లేకపోలేదు. ద్వారంవారి కుమార్తె మంగతాయారుగారు తండ్రి విద్యను సాధించి పేరొందినవారే. లేనిది ప్రతిభ గాదు, చూచు కన్ను. చూపులేని గురువులు గ్రహించిన దానిని చూపుగల సమాజము గ్రహించుటకు ఇన్నియేండ్లు పట్టుట విచారింపదగిన విషయము.

అయినను ఈ కథనుండి కోపము నేర్చుకొనుడని నేను చెప్పను. కన్యాకుమారిగారి జీవితము వాదోపవాదములతో నడచినది గాదు, సాధనతో నడచినది. తనకు చోటు లేదనినచోట కూర్చుండి, వాయించి, ఆ చోటును తనదిగా చేసికొనుటయే ఆమె ఇచ్చిన సమాధానము. అయితే ఒక్క సంగతి మరువరాదు. ఆమె వెనుక కూతురిచేత నేర్పించిన తలిదండ్రులున్నారు. ఆడపిల్ల యని వెనుదీయక విద్యనిచ్చిన గురువులున్నారు. తన ప్రక్కన కూర్చుండబెట్టుకొన్న మహాగాయని యున్నది. బీదబాలుడు గొప్పబాలుడు ఒక్కచోట చదువుటకు తగిన కళాశాల యొకటి ఆ ఊరనున్నది. ఈ నాలుగింటిలో ఏ యొక్కటి లోపించినను ఆ పిడేలు కూడ అటుకనెక్కియుండెడిది.

మన కర్తవ్యము

మనకేమి తక్కువ? సికిందరాబాదున భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల కలదు. హైదరాబాదు రామకోటిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల కలదు. మేడ్చలునుండి గాని, శామీర్‌పేటనుండి గాని, మన కొంపల్లినుండి గాని పోయిరాలేని దూరములు కావు. లక్షలు వెచ్చించి కట్టిన యిండ్లు నేడు మన రహదారికి ఇరుప్రక్కల లేచినవి. వానిలో ఒక్కొక్క యింట ఒక్కొక్క వాద్యము వినబడిన ఎంత బాగుండును! ఆడపిల్ల నేర్చిన విద్య పెండ్లిచూపులనాటి ప్రదర్శనకే పరిమితముగాక, ఆమెతోబాటు అత్తవారింట అడుగిడునట్లు పెద్దలు చూడవలయును. వరుడు ఏమి చదివెనని అడుగుచున్నాము. వధువు వాద్యమునకు ఇంట చోటున్నదా యని ఏల అడుగరాదు?

గ్రంథాలయము కూడ ఒకవిధముగా ప్రక్కవాద్యమే. తాను ముందునకు రాదు; చదువువారి వెంట నడచును; వారు ఆగినచోట అందుకొని దారి చూపును. ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము చేసినది ఈ పనియే. కావున రజతోత్సవ సందర్భమున కార్యవర్గమువారికి ఒక చిన్న మనవి. నెలకొక సాయంకాలము పఠనమందిరమున సంగీతశ్రవణమునకు కేటాయింపుడు. రికార్డుల ద్వారా మొదట కన్యాకుమారిగారి పిడేలు వినిపింపుడు. విన్న పదిమంది బాలికలలో ఒక్కరైనను నేను నేర్చుకొందునని తండ్రి చేయి పట్టుకొనకపోరు.

అట్టి బాలికకు వాద్యము కొనుటకు శక్తి లేదందురేమో! మా అక్కయ్య నడిగితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. పిదప, "తంత్రులు మార్పించి యిమ్ము. మూలబెట్టుటకు మాత్రము ఇయ్యవలదు" అనినది. ఆ పెట్టెను అటుకమీదినుండి దింపించితిని. కమానుకు క్రొత్త వెండ్రుకలును, పిడేలుకు క్రొత్త తంత్రులును వేయించి, రజతోత్సవపు దినమున గ్రంథాలయమునకు అప్పగింతును. నేర్చుకొనగోరు మన ఊరి బాలిక దానిని గ్రంథమువలెనే తీసికొనిపోవచ్చును. తిరిగి ఇచ్చుటకు గడువు మాత్రము పెట్టవలదని నా కోరిక.